పెరటితోట నుండి పట్టణసేద్యము వరకు

శ్రీకాకుళము జిల్లాలో టెక్కలి రెవిన్యూ విభాగమునకు చెందిన మండలకేంద్రము కోటబొమ్మాళి. హౌరా–చెన్నై రైలుమార్గముపై ఈ ఊరి పేర ఒక స్టేషను కలదు. 16వ నంబరు జాతీయ రహదారియు ఈ ప్రాంతము మీదుగనే పోవుచున్నది. ఇట్టి ఊరు పూర్తిగా పల్లె యనుటకు వీలులేదు, పట్టణమనుటకును వీలులేదు. ఈ ప్రాంతపు పాత ఇండ్ల వెనుక పెరడు ఉండుట ఆచారము. నూతి దగ్గర అరటి, కంద, గోడవార ములగచెట్టు, పందిరిమీద ఆనప, బీర, చిక్కుడు పాదులు, మిగిలినచోట వంగ, తోటకూర, బచ్చలి. ఇంటి ఇల్లాలు పొయ్యి వెలిగించిన తరువాత పెరటిలోనికి పోయి కాయ కోసికొని వచ్చినను వంట ఆలస్యము కాదు.

ఇంత సులభముగా ఒక ఇంటికి కూర దొరకుచున్నప్పుడు, పట్టణములోని ప్రతి ఖాళీస్థలమునను, ప్రతి మేడమీదను ఇట్టి తోటలను పెంచి నగరమంతటికి కూరగాయలు సమకూర్పవచ్చును గదా యని ఎవరికైనను తోచును. ఈ ఆలోచన క్రొత్తది కాదు. సుమారు రెండువందల యేండ్లుగా అనేక దేశములలో దీనిని ఆచరణలో పెట్టి చూచిరి. కొన్నిచోట్ల అది ఆశ్చర్యకరముగా ఫలించినది. ఫలించినచోట్లను పెక్కింట అది నిలువలేదు. ఎందువలన ఫలించినదో, ఎందువలన నిలువలేదో తెలిసికొనుటకు ముందుగా పెరటితోట రహస్యమును గ్రహింపవలెను.

పెరటికి వెల లేని వస్తువులు

పెరటితోటకు అయిదు వస్తువులు కావలెను. భూమి, నీరు, ఎరువు, మనుష్యుల పని, పండిన దానిని తినువారు. ఈ అయిదింటిలో ఒక్కదానికిని పల్లెటూరి గృహస్థు ప్రత్యేకముగా పైకము చెల్లింపడు. భూమి ఇంటితోపాటు వచ్చినది. గిన్నెలు కడిగిన నీరు, స్నానపు నీరు కాలువకట్టి పాదులలోనికి పోవును. చాలనిచో నుయ్యి ఉన్నది. పశువులశాలలోని గెత్తము, పొయ్యిలోని బూడిద ఎరువగును. కలుపు తీయుట, తీగను పందిరికెక్కించుట, పురుగుపట్టిన కాయను త్రుంచి పారవేయుట ఇంటివారు తీరిక వేళలలో చేయు పనులు. కాయను తినువారు పది అడుగుల దూరములోనే ఉందురు గనుక బండి, బస్తా, బేరము అవసరము లేదు.

ఈ వస్తువులు ఉచితమనుకొనుట పొరపాటు. అవి వేరొక పనికై సంపాదింపబడి, ఆ పని తీరిన పిదప మిగిలినవి. పాలకొరకు పశువును మేపగా గెత్తము మిగిలినది. ఇంటివాడకమునకు నీరు తోడగా కడుగునీరు మిగిలినది. నివాసమునకు స్థలము తీసికొనగా పెరడు మిగిలినది. ఇట్టి మిగులుపై ఆధారపడినంతకాలము తోట చౌక. మిగులుకంటె తోట పెద్దదైన నాడు, అదనముగా కావలసినదంతయు వెలపెట్టి కొనవలెను. పట్టణసేద్యమును విస్తరింపజేయుటలోని చిక్కులన్నియు ఈ ఒక్క సూత్రమునుండి పుట్టినవే.

కొంచెము లెక్క

విద్యార్థులు ఈ విషయమును స్వయముగా లెక్కించి చూడవచ్చును. ఒక మనిషికి దినమునకు 300 గ్రాముల కూరగాయలు కావలెననుకొందము. సంవత్సరమునకు ఇది సుమారు 110 కిలోలు. మన దేశములో కూరగాయల సగటు దిగుబడి హెక్టారుకు సుమారు 18 టన్నులు; అనగా చదరపు మీటరుకు 1.8 కిలోలు. ఒకే పంట తీసినచో మనిషికి 61 చదరపు మీటర్లు, ఏటికి రెండు పంటలు తీసినచో 30 చదరపు మీటర్లు కావలెను. అయిదుగురున్న కుటుంబమునకు 150 చదరపు మీటర్లు. నాలుగు సెంట్లకు కొంచెము తక్కువ. కోటబొమ్మాళి వంటి ఊళ్ళలో పాత పెరడు ఇంతకు మించి ఉండుట అరుదు కాదు.

ఇదే లెక్కను హైదరాబాదునకు అన్వయింతము. 2007లో హైదరాబాదు మహానగరపాలక సంస్థ ఏర్పడినప్పుడు దాని పరిధి సుమారు 650 చదరపు కిలోమీటర్లు. 2011 జనగణన ప్రకారము ఆ పరిధిలోని జనసంఖ్య సుమారు 67 లక్షలు. మనిషికి 30 చదరపు మీటర్ల చొప్పున కావలసిన భూమి 201 చదరపు కిలోమీటర్లు. అనగా ఇండ్లు, వీథులు, చెరువులు, గుట్టలు కలిపిన మొత్తము వైశాల్యములో మూడవవంతునకు దాపు. గట్లకు, దారులకు పోవు స్థలము ఇందులో చేరలేదు. బియ్యము, పప్పు, నూనెగింజలు అసలే చేరలేదు.

నీటి లెక్క ఇంకను కఠినమైనది. ఒక చదరపు మీటరుపై ఒక మిల్లీమీటరు మందమున నిలిచిన నీరు సరిగా ఒక లీటరు. ఎండకాలములో మొక్కలనుండియు మట్టినుండియు ఆవిరియైపోవు నీరు దినమునకు 5 మిల్లీమీటర్లనుకొన్నచో, 150 చదరపు మీటర్ల తోటకు దినమునకు 750 లీటర్లు కావలెను. మురుగుకాలువలు గల నగరములలో మనిషికి దినమునకు 135 లీటర్ల నీరు ఇయ్యవలెనని మన దేశములో ప్రమాణము. అయిదుగురికి 675 లీటర్లు. కుటుంబము త్రాగక, స్నానము చేయక, వండుకొనక నీటినంతయు తోటకు పోసినను చాలదన్నమాట! పల్లెలో ఈ లోటును నుయ్యి తీర్చును. నగరములో ఇంటింటికి బోరు త్రవ్వినచో భూగర్భజలమే అడుగంటును.

ఇక ఎరువు. కూరతోటకు హెక్టారుకు 20 టన్నుల పశువుల ఎరువు వేయుట వాడుక. పెరటికి ఒక్కొక్క పంటకు 300 కిలోలు చాలును. ఒక ఆవు ఏడాదిలో ఇచ్చు పేడ కుళ్ళి తరిగిపోయిన పిమ్మటకూడ దీనికి మించియే ఉండును. కాని 201 చదరపు కిలోమీటర్లకు, రెండు పంటలకు, సంవత్సరమునకు 8 లక్షల టన్నులు కావలెను. పది టన్నుల లారీలలో తెచ్చినచో దినమునకు 220 లారీలు! కూరగాయలను పల్లెనుండి తెచ్చుకొను శ్రమ తప్పించుకొనబోయి గెత్తమును తెచ్చుకొనవలసి వచ్చును.

అయినను నగరసేద్యము అసాధ్యమని ఈ లెక్కలవలన తేలదు. నగరము కూడ ఒక పెద్ద ఇల్లువంటిదే. దానికిని కొన్ని మిగుళ్ళు ఉన్నవి. చరిత్రలో నగరసేద్యము వర్ధిల్లిన చోటనెల్ల ఏదో ఒక గొప్ప మిగులు కనబడుచున్నది.

త్యూనెన్ వలయములు, పారిస్ తోటలు

1826లో యోహాన్ హైన్రిక్ ఫాన్ త్యూనెన్ అను జర్మను దేశీయుడు ఒక గ్రంథమును ప్రకటించెను. ఆయన స్వయముగా వ్యవసాయక్షేత్రమును నడపి, జమాఖర్చులను శ్రద్ధతో వ్రాసికొన్నవాడు. సమతలమైన మైదానము నడుమ ఒకే పట్టణము ఉన్నచో దానిచుట్టు ఏ పంట ఎక్కడ పండునని ఆయన ప్రశ్నించెను. పట్టణమును ఆనుకొనిన మొదటి వలయములో కూరగాయలు, పాలు ఉత్పత్తియగునని, అడవి, ధాన్యము, పశువుల మేత దూరముగా పోవునని ఆయన నిర్ణయించెను. కారణములు రెండు. కూరలు, పాలు త్వరగా చెడిపోవును. బండ్లపై దూరమునుండి తెచ్చుటకు వీలులేదు. రెండవది, పట్టణములోని పెంట ఆ వలయమునకు సులభముగా అందును. అనగా పట్టణము కూరను తీసికొని పెంటను ఇచ్చును. తోట పెంటను తీసికొని కూరను ఇచ్చును.

ఈ సిద్ధాంతమునకు సాక్ష్యమా యనునట్లు పారిస్ నగరము పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధములో కనబడినది. అప్పుడు నగరవైశాల్యములో ఆరవవంతు కూరతోటలే. ఏటికి లక్ష టన్నులకు మించిన ఆకుకూరలు, కూరగాయలు, అందులోను చలికాలములో దొరకని రకములు, ఆ తోటలలో పండెడివి. మంచు కురియు దేశములో ఇది యెట్లు సాధ్యమైనది? ఆ కాలమున నగరములోని బండ్లనన్నిటిని గుఱ్ఱములే లాగెడివి. గుఱ్ఱపుశాలలనుండి ఏటికి సుమారు పది లక్షల టన్నుల పెంట బయటపడెడిది. తోటమాలులు దానిని మడులుగా పేర్చి, పైన మట్టి పరచి, గాజుగంటలు బోర్లించెడివారు. పెంట కుళ్ళునప్పుడు అందులోని సూక్ష్మజీవులు వేడిని పుట్టించును. ఆ వేడివలన వేళ్ళు చలికి తట్టుకొనెడివి. కుళ్ళిన పిదప ఆ పెంటయే సారవంతమైన మట్టియయ్యెడిది. క్రోపాట్కిన్ అను రష్యను విద్వాంసుడు ఈ తోటల నైపుణ్యమును మెచ్చుకొనుచు వ్రాసియున్నాడు.

కాని ఆ వైభవము చిరకాలము నిలువలేదు. ఇరువదవ శతాబ్ది ప్రారంభమున గుఱ్ఱపుబండికి బదులు మోటారు వచ్చినది. గుఱ్ఱములు తగ్గినవి, పెంట తగ్గినది. నగరము పెరిగిన కొలది తోటలున్న భూమి వెల పెరిగినది. రైళ్ళు వెచ్చని దక్షిణప్రాంతపు కూరగాయలను ఒక రాత్రిలో తెచ్చి దింపసాగినవి. తోటమాలి నైపుణ్యము తగ్గలేదు; ఆతని క్రిందనున్న మిగులు తొలగిపోయినది. అంతట తోటలు నగరమును విడిచి బయటికి పోయినవి.

మూసీతీరము

మన తెలుగుదేశములో దీనికి సరిపోల్చదగినది మూసీతీరపు సేద్యము. 1908 సెప్టెంబరు 28న మూసీనదికి వచ్చిన వరద హైదరాబాదును అల్లకల్లోలము చేసినది. ఆ పిదప మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారి సలహాపై నగరమునకు ఎగువను రెండు జలాశయములు నిర్మింపబడినవి. ఉస్మాన్‌సాగర్ 1920లోను, హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తియైనవి. వరదబాధ తగ్గినది, త్రాగునీరు లభించినది. అయితే ఎగువ నీరు ఆగిపోగా, వానలు లేని నెలలలో నగరమునకు దిగువ మూసీలో ప్రవహించునది ముఖ్యముగా నగరపు మురుగునీరే యైనది.

నగరపు నీటివాడకము పెరిగిన కొలది ఈ మురుగుప్రవాహము పెరిగినది. చుట్టుపట్ల చెరువులు ఎండినను ఇది ఎండదు. మురుగునీటిలో మొక్కలకు కావలసిన నత్రజని, భాస్వరము కరగియుండుటచే ఎరువుల ఖర్చు తగ్గును. దిగువ గ్రామముల రైతులు పాత ఆనకట్టలనుండి కాలువలద్వారా ఈ నీటిని పొలములకు మళ్ళించి వరి, ఆకుకూరలు పండించిరి. మరియొక పంట పారా గడ్డి. అడుసులో ఏపుగా పెరుగు ఈ గడ్డిని ఏడాది పొడవున మరల మరల కోసి నగరములోని పాడిపశువులకు అమ్ముదురు. నగరము నీటిని ఇచ్చినది. తోట గడ్డిని ఇచ్చినది. గడ్డి పాలుగా నగరమునకు తిరిగి చేరినది. త్యూనెన్ చెప్పిన వలయము ఇక్కడ సజీవముగా కనబడినది.

ఇందులోని దోషము కూడ మిగులులోనే ఉన్నది. ఇంటి కడుగునీరు ఏమి మోసికొని వచ్చునో ఇంటివారికి తెలియును. నగరపు మురుగులో ఏమున్నదో ఎవరికిని పూర్తిగా తెలియదు. అందులో మలమున్నది, పరిశ్రమల రసాయనములు ఉన్నవి, లవణములు ఉన్నవి. లవణములు మట్టిలో పేరుకొనగా వరి దిగుబడి తగ్గి, ఉప్పును కొంత ఓర్చుకొనగల పారా గడ్డివైపు పలువురు రైతులు మొగ్గిరి. నత్రజని మితిమీరినచో పైరు ఆకు వేసి పడిపోవును, గింజ తగ్గును. ఇరువదియొకటవ శతాబ్ది మొదటి దశకములో జరిగిన పరిశోధనలలో, ఇట్టి నీటిలో పనిచేయువారికి కొంకిపురుగు వ్యాధి ఎక్కువగా ఉన్నట్లు తేలినది. పచ్చిగా తిను కొత్తిమిరి, పుదీన వంటి ఆకులపై రోగక్రిములు అంటియుండుట తినువారికిని ప్రమాదమే.

కలకత్తా తూర్పున గల చిత్తడినేలల కథ దీనికి తోడుగా చెప్పదగినది. సుమారు 12,500 హెక్టార్ల ఆ ప్రదేశములో నగరపు మురుగునీటిని లోతులేని చెరువులలో నిలువయుంచెదరు. ఎండ, శైవలములు, సూక్ష్మజీవులు కలిసి దానిని శుద్ధిచేయగా చేపలు పెరుగును. ఆ నీరే పిదప పొలములకు పోవును. 2002లో ఈ ప్రదేశము అంతర్జాతీయ ప్రాముఖ్యముగల చిత్తడినేలగా రామ్‌సార్ పట్టికలో చేరినది. నీరు తోటకు చేరుటకు ముందు ఒక మెట్టు, పంట కంచమునకు చేరుటకు ముందు మరియొక మెట్టు, ఈ విధముగా పలుచోట్ల రక్షణ కల్పింపవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2006లో ప్రకటించిన మార్గదర్శకములును చెప్పుచున్నవి. శుద్ధిచేయుటకు స్థలము, యంత్రము, పైకము కావలెను. వెల లేని నీరు అప్పుడు వెలగల నీరగును.

యుద్ధకాలపు తోటలు

భూమి, నీరు, ఎరువులతో పాటు నాలుగవ వస్తువైన పనినిగూర్చి రెండవ ప్రపంచయుద్ధము ఒక పాఠము నేర్పినది. ఓడలు సరకులు తెచ్చుట దుర్ఘటము కాగా, బ్రిటనులో ప్రజలు పూలతోటలను, ఆటస్థలములను త్రవ్వి కూరలు వేసిరి. పట్టణవాసులకు కేటాయించిన చిన్న తోటమడులు 14 లక్షల దాక పెరిగినవి. అమెరికాలో 1943 నాటికి సుమారు రెండు కోట్ల తోటలు వెలసినవనియు, దేశములోని కూరగాయలలో సుమారు 40 శాతము వానినుండియే వచ్చినదనియు అంచనా. మన దేశములోను అదే 1943లో ‘అధికాహారోత్పత్తి’ ఉద్యమము ఆరంభమైనది.

యుద్ధము 1945లో ముగిసినది. కొలది ఏండ్లలో ఆ తోటలలో అధికభాగము పచ్చికబయళ్ళుగ మారిపోయినవి. మట్టి అదే, ఎండ అదే, మనుష్యులు వారే. కాని యుద్ధకాలమున ప్రజల తీరిక దేశసేవయైనది; దానికి కూలి లేదు. శాంతికాలమున ఆ తీరికకు వేరు విలువలు వచ్చినవి. అంగడిలో కూర చౌకగా దొరకినప్పుడు గంటసేపు కలుపు తీయుట ఇష్టమైనవారికి వినోదము, ఇతరులకు భారము.

క్యూబా దేశపు అనుభవము దీనికి భిన్నముగా కనబడును. 1991లో సోవియటు యూనియను విచ్ఛిన్నమగుటతో ఆ దేశమునకు పెట్రోలు, ఎరువులు రావడము దాదాపు నిలిచిపోయినది. రాజధాని హవానాలోని ఖాళీస్థలములలో ఎత్తుగట్లు పోసి, కుళ్ళిన చెత్తయెరువుతో కూరగాయలు పండించిరి. అక్కడి తోటలు యుద్ధకాలపు తోటలకంటె ఎక్కువకాలము నిలిచినవి; ఏలయనగా ప్రభుత్వము భూమిని వెల లేకుండ ఇచ్చినది, తోటపని జీతమువచ్చు ఉద్యోగమైనది, పండినచోటనే అమ్మకము జరిగినది. అయినను ధాన్యము మొదలగువానిని ఆ దేశము దిగుమతి చేసికొనుచునే ఉన్నది. నగరపు తోట కూర ఇయ్యగలిగినది గాని అన్నము పెట్టలేకపోయినది.

మేడమీది తోట, మట్టిలేని తోట

భూమి లేనప్పుడు మేడమీద పండింపరాదా యని ప్రశ్న. తడిసిన మట్టి ఘనమీటరు సుమారు 1,700 కిలోల బరువుండును. 20 సెంటీమీటర్ల మందమున పరచినచో చదరపు మీటరుకు 340 కిలోలు. కాని మనుష్యులు తిరుగు మేడకప్పుమీద చదరపు మీటరుకు సుమారు 150 కిలోల అదనపు బరువునకే భారతీయ ప్రమాణములు వీలు కల్పించుచున్నవి. కావున ఇంజనీరును సంప్రదింపక మేడనంతయు మట్టితో నింపుట ప్రమాదకరము. తొట్లను గోడలపైకి, స్తంభములపైకి వచ్చునట్లు అమర్చి, మట్టికి బదులు తేలికయైన కొబ్బరిపొట్టు, చెత్తయెరువు కలిపి వాడుదురు. ఆ కొబ్బరిపొట్టు కొబ్బరితోటలున్న పల్లెసీమలనుండి లారీలపై రావలసినదే యగుట గమనింపదగినది.

అసలు మట్టియే లేకుండ పండించు విధానము కూడ ఉన్నది. అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయములో గెరికె అను శాస్త్రజ్ఞుడు 1929 నుండి లవణములు కరగించిన నీటిలో మొక్కలు పెంచి చూపెను. 1937లో దీనికి హైడ్రోపోనిక్స్ అను పేరు పెట్టబడినది. మన దేశములో షాల్టో డగ్లస్ అను ఆయన 1946లో కాలింపాంగ్ ప్రాంతమున ప్రయోగములుచేసి, ఖరీదైన యంత్రములు లేకయే రాళ్ళు, ఇసుక, తొట్లతో నడపగల పద్ధతిని రూపొందించెను.

ఇటీవలి కాలమున ఇదే విధానమును మూసిన గదులలో అంతస్తులమీద అంతస్తులుగా, విద్యుద్దీపముల వెలుతురులో ఆచరించిరి. నీరు చాల ఆదా యగును, పురుగు రాదు. కాని పెరటిమొక్కకు సూర్యుడు ఇచ్చు వెలుతురును ఇక్కడ మీటరు లెక్కపై కొనవలెను. ఒక కిలో ఆకుకూరకు 10 యూనిట్ల కరెంటు పట్టిన, యూనిట్టు 7 రూపాయలనుకొన్నచో, ఒక్క వెలుతురు ఖర్చే 70 రూపాయలు. పెక్కు తోటలలో ఇంతకంటె ఎక్కువే పట్టుచున్నది. ఆకుకూరలో నూటికి తొంబది పాళ్ళకు మించి నీరే గనుక ఈ మాత్రమైనను సాధ్యమైనది; గట్టిగింజయైన వరికి, గోధుమకు ఈ లెక్క ఎంతమాత్రము కుదరదు. అమెరికాలో ఈ మార్గమున పేరుగన్న ఏరోఫార్మ్స్ అను కంపెనీ 2023 జూనులో దివాలా రక్షణకై న్యాయస్థానమును ఆశ్రయించినది. బవరీ ఫార్మింగ్ అను మరియొకటి 2024 నవంబరులో మూతపడినది. వారికి విజ్ఞానము కొరవడలేదు. అయిదు వస్తువులకును వెల చెల్లించి, వెలలేని ఎండలో పండిన కూరతో పోటీపడవలసివచ్చుటయే వారి కష్టము.

వలయమును నిలుపుట

ఇందువలన ఒక విషయము స్పష్టమగును. నగరము నడిబొడ్డున పెద్ద తోటలు పెట్టుటకంటె, నగరమును ఆనుకొనిన కూరతోటల వలయమును నిలుపుకొనుట సులభము. హైదరాబాదు శివారులు ఒకప్పుడు అనాబ్-ఎ-షాహీ ద్రాక్షకు ప్రసిద్ధి. నగరము వ్యాపింపగా ఆ ద్రాక్షతోటలలో అనేకము ఇండ్లస్థలములైనవి. తోటకు వచ్చు ఆదాయము ఎంత మంచిదైనను ఇంటిస్థలపు వెలతో పోటీపడలేదు.

వలయములోని రైతునకు మేలైన వెల దొరకుట దీనికి ఒక ఊత. 1999 జనవరి 26న ఆంధ్రప్రదేశ్‌లో రైతుబజారులు ఆరంభమైనవి. దళారి లేకుండ రైతు తన కూరను తానే అమ్ముకొను ఏర్పాటు ఇది. తోటకును కంచమునకును మధ్యనున్న దూరము కిలోమీటర్లలో తగ్గకపోయినను, చేతులు మారుటలో తగ్గినది. 2011-12లో కేంద్రప్రభుత్వము పెద్దనగరముల సమీపమున కూరగాయల సాగును పెంపొందించుటకు 300 కోట్ల రూపాయలతో ఒక పథకమును చేపట్టగా, అందులో హైదరాబాదు కూడ చేరినది.

మరి ఇంటితోట వ్యర్థమా? కాదు. తోటకూర, బచ్చలి, కొత్తిమిరి, పచ్చిమిరప, ఒక ఆనపపాదు, వీలైన ఒక ములగచెట్టు. ఇవి కొద్దిచోటులో, ఇంటి మిగులునీటితో, వంటింటి తొక్కల ఎరువుతో పెరుగును. ఇవియే కోసిన పూటనే వాడిపోవు కూరలు గూడ. దూరమునుండి తెచ్చుటవలన ఎక్కువ నష్టపోవునవి ఇవే. ఆహారములో కొరతపడు ఇనుము, విటమినులు వీనిలో ఎక్కువ. ఉల్లి, దుంప, గుమ్మడి ప్రయాణమునకు ఓర్చును. వానిని పల్లెపొలములకు విడువవచ్చును. ఇంటి మిగులు ఎంతయో తోట అంత యని కొలత పెట్టుకొన్నచో అది ఏనాటికిని భారము కాదు.

ఈ కొలత కోటబొమ్మాళి వంటి ఊళ్ళకు మరింత ముఖ్యము. రహదారిప్రక్కన ఊరు పెరుగునప్పుడు అన్నదమ్ముల వాటాలలో పెరడు చీలును, పెరటిలో మరియొక గది లేచును, నుయ్యి పూడును, పశువులశాల పోవును. వీనిలో ఏ ఒక్కటియు తప్పు పని కాదు. ఒక్కొక్కటి ఒక్కొక్క అవసరము. కాని మహానగరములు ఎంతో వ్యయముతో తిరిగి తెచ్చుకొన జూచుచున్న నీరు–ఎరువు–తోట కూర్పు అట్టి ఊళ్ళలో ఇంకను కొంత చెడకుండ ఉన్నది. దానిని తిరిగి కట్టుటకంటె ఉన్నదానిని కాపాడుట చౌక.

ఉపాధ్యాయులు పాఠశాలతోటలో విద్యార్థులచే ఒక చిన్న ప్రయోగము చేయింపవచ్చును. పది చదరపు మీటర్ల మడి తీసికొని, పోసిన నీటిని బిందెలలో, వేసిన ఎరువును తట్టలలో, చేసిన పనిని నిమిషములలో, కోసిన కూరను గ్రాములలో ప్రతిదినము పలకపై వ్రాయింపవలెను. ఇందులో కొన్నది ఏది, మిగులుగా వచ్చినది ఏది యని వేరువేరు వరుసలలో చూపవలెను. పంట ముగిసిన నాడు అదే లెక్కను తమ ఊరంతటికి హెచ్చించి చూచినచో, రెండవ వరుసలోని వస్తువులు ఎన్ని మొదటి వరుసలోనికి మారునో విద్యార్థులకే తెలియగలదు.